పేరు లేని చీటీలు

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మమ్మీ ఉంది. ఆమె చనిపోయి రెండు వేల ఏళ్లు దాటింది. అయినా ఆమె పేరు మనకు తెలుసు: నైషు. రాకుమారి అని కూడా చెబుతారు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ ఉంది. ఆ పల్చటి ముసుగును రాతిలో చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోని. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో దాన్ని కొన్నాడు. చెక్కినవాడి పేరు, కొన్నవాడి పేరు, కొన్న ఊరు, కొన్న ఏడు, అన్నీ తెలుసు. బాగుంది. అలాగే తెలియాలి.

ఇవి రెండూ చూశాక, నగరంలోనే ఆ వారం కోసం పెట్టిన ఇంకో ప్రదర్శనకు వెళ్లాం. అది మన వస్తువుల ప్రదర్శన. అద్దాల పెట్టెలో ఒక ఇత్తడి నెమలి ఉంది. కింద చీటీలో 'డోక్రా బొమ్మ, ఆదిలాబాద్ గిరిజనులు' అని రాసి ఉంది. అంతే.

ఆదిలాబాద్ గిరిజనులందరూ కూర్చుని ఒక నెమలిని పోత పోశారా? గోండులు ఇత్తడి పోయరు, కొలాములు పోయరు. ఆ పని ఓజాలది. జైనూర్ మండలం ఉషేగాం లాంటి ఊళ్లలో కొద్ది కుటుంబాలే దాన్ని నిలబెట్టుకుంటూ వస్తున్నాయి. మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద తేనెమైనాన్ని సన్నటి తీగలుగా చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. బొమ్మ కావాలంటే పై మట్టిని పగలగొట్టాలి. కాబట్టి ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు జిల్లాకు వచ్చింది, పనికి వచ్చింది. మనిషికి ఇంకా రాలేదు.

మేం ఆ నెమలి ముందు చాలాసేపు నిలబడ్డాం. మెడ దగ్గర మైనపు తీగ వెంట్రుకంత సన్నంగా, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని తిరిగింది. తోకకు వచ్చేసరికి తీగ లావెక్కింది, మధ్యలో సందులు వచ్చాయి. పెద్దచెయ్యి మెడ చేసి తోకను చిన్నచెయ్యికి వదిలిందేమోనని మాకు అనిపించింది. అసలు మాట వేరే కావచ్చు. అడగాలంటే పేరు కావాలి కదా. మెడ చాలా గొప్ప పని, తోక ఫరవాలేదు. ఈ మాట రాసినందుకు ఆ ఓజా పెద్దకు కోపం రాదనే మా నమ్మకం. తన మెడను ఎవరో చూశారని సంతోషిస్తాడు.

పక్క గదిలో మనుషుల బొమ్మలు. గోండు పురుషుడు, చెంచు స్త్రీ, కోయ దంపతులు. మాతో వచ్చిన డిగ్రీ చదివే చెల్లి ఒకతి మెల్లగా అంది: "చనిపోయిన ఈజిప్టు పిల్లకు పేరుంది, బతికున్న మనకు తెగ ఉంది." ఇంటికి వచ్చేదాకా ఆ మాట మా వెంటే వచ్చింది.

ఇక వేదికల సంగతి. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఆ రోజున జెనీవాలో ఆదివాసీ ప్రజల గురించి ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. దానికి గుర్తుగా 1994లో ఆ రోజును ప్రకటించారు. ఆ వారమంతా నగరంలో మనకు గిరాకీ. బంజారాహిల్స్‌లో 2022లో ప్రారంభించిన కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ పక్కపక్కనే ఉన్నాయి. రవీంద్రభారతి 1961 నుంచి ఉంది. మన పిల్లలు ఒకప్పుడు బస్సులోంచి చూసి వదిలేసిన భవనం లోపలికి ఇప్పుడు మన డప్పు వెళ్తోంది. అది చిన్న విషయమని మేం అనం.

మేం చూసిన వేదిక ఏదో చెప్పం. గుస్సాడీకి పది నిమిషాలు ఇచ్చారు. అంతకుముందు అరగంట సన్మానాలు జరిగాయి. నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని, చేతుల్లో కర్రలతో వాళ్లు వచ్చేసరికి హాలంతా ఫోన్లు లేచాయి. ఆట అయ్యింది. చప్పట్లు మోగాయి. వ్యాఖ్యాత మైకులో "అద్భుతం, మహాద్భుతం" అన్నాడు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. 'అలరించిన గిరిజన నృత్యం' అని రాశారు.

ఆ ఆట అద్భుతంగా లేదు. ఉన్నమాట చెప్పుకుందాం. వేదిక చిన్నది. పదిమంది గుండ్రంగా తిరగాల్సిన ఆట రెండు వరుసలుగా నిలబడి ముందుకూ వెనక్కూ ఊగడంగా మారింది. డప్పుకు పెప్రె తోడు రాలేదు. దాన్ని ఊదేవాడికి దారిఖర్చు ఇవ్వలేదట. రెండోసారి నడక మార్చినప్పుడు ఇద్దరు తప్పారు. మన ఊళ్లో అయితే ఆ ఇద్దరినీ పెద్దవాళ్లు అక్కడికక్కడే తిట్టేవాళ్లు. ఆడవాళ్లు పక్కకు తిరిగి నవ్వేవాళ్లు. మర్నాటికి ఆ కుర్రాళ్లు కాలు సర్దుకునేవాళ్లు. నగరంలో ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. కూచిపూడి ఆడితే అడవు తప్పిందని, అభినయం చాలలేదని రాసేవాళ్లు ఉంటారు. పద్యనాటకంలో రాగం జారితే ముందు వరుసలో పెద్దమనిషి మొహం చిట్లిస్తాడు. మనకు మాత్రం ఎప్పుడూ 'అద్భుతం'. తెలియనివాళ్ల పొగడ్తకూ తెలియనివాళ్ల చిన్నచూపుకూ పెద్ద దూరం లేదు. రెండింటిలోనూ అవతలివాడు మన ఆట చూడలేదు.

కాలం సంగతి కూడా ఉంది. దండారి ఆగస్టులో రాదు. ఆశ్వయుజ పున్నమి దాటాక మొదలై దీపావళి దాకా నడుస్తుంది. గుస్సాడీ వేషం కట్టినవాడు ఆ రోజులన్నీ నియమంతో ఉంటాడు, స్నానం చేయడు. టోపీకి ముందు పూజ జరుగుతుంది. ఊరి దండు పొరుగూరికి వెళ్తుంది. ఆ ఊరు అన్నం పెడుతుంది. సంబంధాలు కుదురుతాయి, పాత తగాదాలు తేలుతాయి. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి దండులు వెళ్తాయి. చివర కొలబోడితో వేషం విప్పుతారు. దీన్నంతా పది నిమిషాల్లోకి దించలేం. దించమని ఎవరూ అడగరు కూడా. ఈకలు చాలు వాళ్లకు.

ఇక్కడ మాలో మాకే వాదన వచ్చింది. పండుగ కాని నెలలో టోపీ పెట్టుకోవద్దని ఒక పెద్దాయన గట్టిగా అన్నాడు. ఆడినవాళ్లలో ఒక తమ్ముడు "వానాకాలం పంటకు ఎరువు కొన్నది ఆ డబ్బుతోనే అన్నా" అన్నాడు. ఇద్దరి మాటా కాదనలేకపోయాం. మార్లవాయి కనకరాజు గారిని తలచుకున్నాం. గుస్సాడీని ఊరి బయటికి తీసుకెళ్లినవాడు ఆయనే. ఎందరో కుర్రాళ్లకు నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో పోయాడు. ఆయన గడప దాటి ఉండకపోతే ఈ రోజు ఈ వాదన పెట్టుకోవడానికి కూడా మనకు వేదిక ఉండేది కాదు. కాబట్టి వెళ్లొద్దు అని మేం రాయం. వెళ్లేటప్పుడు పెప్రె ఊదేవాడి దారిఖర్చు కూడా రాయించుకోండి అంటాం. ముప్పై నిమిషాలు అడగండి. దండులో అందరి పేర్లూ, ఊరి పేరుతో సహా, మైకులో చదవమనండి. ఇవ్వకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఆ నెలలో మాకు బాగా నచ్చింది తీజ్. కారణం తేలికే. శ్రావణంలో తీజ్ కాలమే. తండాల్లో పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. నగరంలో చదువుకుంటున్న అమ్మాయిలు హాస్టల్ మేడ మీద నిజంగానే మొలకలు పెంచి, ఆ బుట్టలే వేదిక మీదికి తెచ్చారు. అది వేషం కాదు. తొమ్మిదో రోజు ఎలాగూ ఆడాల్సిన ఆట. పాట మధ్యలో ఒకమ్మాయికి ఏడుపొచ్చింది, మిగతావాళ్లు ఆపకుండా పాడారు. అద్దాల పని చేసిన కాంచళ్లు కొన్ని మిషను కుట్టువని దూరానికే తెలిశాయి. ఒకటి మాత్రం చేతికుట్టు, పాతది. ఎవరిదని అడిగితే "మా నానమ్మది" అని పేరు చెప్పింది. ఆ ఒక్క బట్ట ముందు ఆ ప్రదర్శనలోని పెట్టెలన్నీ వెలవెలబోయాయి.

ఒక నాటకం కూడా చూశాం. పోడు భూముల మీద, ఉద్దేశం మంచిదే. గూడెం ముసలమ్మగా వేసినామె బాగా చేసింది. కూర్చోవడం, చెయ్యి నేలకు ఆనించి లేవడం మన అవ్వల్ని చూసి నేర్చుకున్నట్టే ఉంది. కానీ రాసినాయన ఆమె చేత వచ్చీరాని తెలుగు మాట్లాడించాడు. ఆకలి గురించి, అడవి గురించి, చచ్చిపోయిన కొడుకు గురించి ఆమె విరిగిపోయిన వాక్యాలు పలుకుతుంటే జనం అక్కడక్కడా నవ్వారు. ఆ ముసలమ్మ తన ఇంట్లో కోయలోనో కువిలోనో మాట్లాడితే ఆగకుండా మాట్లాడుతుంది. సామెతలు వేస్తుంది, అవతలివాడి నోరు మూయిస్తుంది. మన భాషలో మనమెవరమూ తడబడం. రచయితకు ఆ భాష రాకపోతే ఒక్క సీను మన భాషలో రాయించుకోవచ్చు. జనానికి అర్థం కాకపోతే కాసేపు అర్థం కానివ్వండి. ఒకటో తరగతిలో మన పిల్లలకు రోజంతా అలాగే ఉంటుంది. ఆశ్రమ పాఠశాల పంతుళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

అర్థం కాకపోయినా కట్టిపడేయగలదు మన మాట అనడానికి సాక్ష్యం సకిని రామచంద్రయ్య గారు. మణుగూరు వైపు కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను, వేల్పుల వంశాలను కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2022లో పద్మశ్రీ, 2024 జూన్‌లో మరణం. ఆయన పాటకు ఆధారం పడిగె. అది మూడు మూలల గుడ్డ, దాని మీద వేల్పు చరిత్ర బొమ్మలుగా ఉంటుంది. ఎవరి గట్టుకు వాళ్ల పడిగె. మూడో గట్టు కథ వేరు, ఐదో గట్టు కథ వేరు. ఎక్కడైనా మ్యూజియం గోడ మీద పడిగె వేలాడితే అది సగం వస్తువే. పాడేవాడు వచ్చి కర్రతో బొమ్మ చూపిస్తేనే మిగతా సగం. నాలుగు నెలల తేడాతో కనకరాజు గారు, రామచంద్రయ్య గారు ఇద్దరూ పోయారు. వాళ్లకు పేర్లు దక్కాయి. ఢిల్లీ పిలిచింది కాబట్టి దక్కాయి. వాళ్ల వెనక డోలు కొట్టినవాళ్లు, తాళం వేసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక్కడ వేలు మన వైపు కూడా తిరుగుతుంది. మన పాఠశాల వార్షికోత్సవం కరపత్రంలో మనమే 'గిరిజన నృత్యం: 8వ తరగతి బాలికలు' అని వేయిస్తాం. అతిథుల పేర్లకు మాత్రం డిగ్రీలతో సహా చోటుంటుంది. మన సంగతి ఇలా ఉండగా నగరం చీటీ మీద కోపం తెచ్చుకోవడం కొంచెం తొందరే.

పంతుళ్లు పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి, సాలార్‌జంగ్‌కు రెండింటికీ తీసుకెళ్లండి. పిల్లలకు ఒక పని చెప్పండి. ప్రతి చీటీలో మనిషి పేరు ఉందో లేదో చూసి రాసుకోమనండి. తిరిగి వచ్చాక తమ ఊళ్లో ఒక వస్తువు తీసుకుని దానికి చీటీ రాయమనండి: ఎవరు చేశారు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ కాలంలో వాడతారు, దాని పేరు మన భాషలో ఏమిటి. గోండి అయితే గుంజాల లిపిలో రాయొచ్చు. 2018 నుంచి దానికి కంప్యూటర్‌లో కూడా చోటుంది. ఇంకొక పని ఇంకా తొందరది. 1940లలో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మన తాతముత్తాతల ముఖాలున్నాయి. ఎనభై ఏళ్లు గడిచాయి. ఇది మా తాత అని వేలు పెట్టి చెప్పగల ముసలివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలి ఉంటారు. ఫోన్ ఉన్న ఏ కుర్రాడైనా ఆ బొమ్మలు వాళ్ల ముందు పెట్టి, చెప్పిన పేరు రాసుకోవచ్చు. రేపు కాదు, ఈ వానల్లోనే, ముసలివాళ్లు ఇంటిపట్టున ఉన్నప్పుడే.

ఆ రాత్రి హాలు బయట టీ బండి దగ్గర డప్పు కొట్టినాయన్ని కలిశాం. పేరు, ఊరు, ఇంటి దేవతల లెక్క, నేర్పిన మామ పేరు అన్నీ అడిగి రాసుకున్నాం. ఆయన చెప్పాడు కానీ ఇక్కడ వేయొద్దన్నాడు. "ఈ ఆటకు నా పేరు వద్దు. రెండో నడకలో నేనే ముందుకు పోయాను, అందుకే ఆ పిలగాళ్లు తప్పారు. దండారికి మా ఊరు రండి, అప్పటి ఆటకు రాయండి" అన్నాడు. వస్తామన్నాం.