పిలుపులో మర్యాద: ఉత్తరాంధ్ర కథను చదివే తీరు

గత భాగంలో మాండలికాన్ని పదాల తేడాగా పరిశీలించాం. ఇతర జిల్లాలవారు 'జీడిగింజలు' అనేవాటిని పలాసలో 'జీడిపిక్కలు' అంటారు. 'ఏమిటి' 'ఏటి' అవుతుంది, 'త్వరగా' అనడానికి 'బేగి' అంటారు. ఇవి ఒక పట్టిక రాసుకుంటే వచ్చేస్తాయి. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది మాత్రం పట్టికకు లొంగదు. ఉత్తరాంధ్ర కథల మీద వచ్చిన విమర్శ తరచుగా తడబడేది అక్కడే.

ఒక సందర్భం ఊహించండి. ఉద్దానాన్ని మూత్రపిండాల జబ్బు ఎన్నో ఏళ్లుగా పీడిస్తున్న సంగతి మీకు తెలుసు. పలాస ఆసుపత్రికి డయాలసిస్ కోసం వచ్చిన ఒక ముసలి రైతు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన యువ డాక్టరుతో "నువ్వు సెప్పు బాబూ, నాను ఇంటాను" అన్నాడనుకుందాం. డాక్టరు చెవికి 'నువ్వు' గుచ్చుకుంటుంది. ముసలాయన 'బాబూ' అన్నప్పుడే ఇవ్వవలసిన గౌరవమంతా ఇచ్చేశాడు. డాక్టరు మర్యాదగా "మీరు ఉప్పు తగ్గించాలి" అన్నాడు. ఆ 'మీరు' తన ఒక్కడికా, ఇంటిల్లిపాదికా అని ముసలాయన సందేహపడితే నవ్వకండి. బహువచనం బహువచనమే కదా!

ఈ ప్రాంతపు పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసువారి నోట, మర్యాద సర్వనామంలో కన్నా పిలుపులో ఎక్కువగా ఉంటుంది. బాబు, అమ్మ, మామ, అప్ప, నాయుడుబాబు - ఈ మాటల్లో ఒకటి పడ్డాక క్రియ ఏకవచనంలో ఉన్నా ఎవరూ తప్పుపట్టరు. ఇక్కడే ఒడియా మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. ఒడియాలో 'తు', 'తుమే', 'ఆపణ' అని మూడు మెట్లు. రెండు భాషలూ వచ్చినవారు పూటకు పదిసార్లు ఈ మెట్లు ఎక్కి దిగుతుంటారు. స్వీడన్‌లో 1960ల చివరినాటికి బిరుదులూ హోదాలూ వదిలి అందరినీ 'దు', అంటే 'నువ్వు', అని పిలిచే పద్ధతి బలపడింది. అక్కడ ఏకవచనం సమానత్వానికి గుర్తయింది. మన విమర్శకులు కొందరు ఉద్దానం రైతు 'నువ్వు'లో అదే సమానత్వాన్ని చూసి మురిసిపోతారు. నాకు ఆ మురిపెం నచ్చదు.

ఎందుకో చెప్పడానికి కాళీపట్నం రామారావు 'యజ్ఞం' తీసుకుందాం. సుందరపాలెంలో అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ. పెద్దమనిషి శ్రీరాములునాయుడు న్యాయం తప్పడని పేరున్నవాడు. 'యాస వాడడం వల్ల కథకు సహజత్వం వచ్చింది' అని జవాబు పత్రాల్లో రాస్తారు. ఆ వాక్యం ఏ కథకైనా అతుకుతుంది, కనుక దేనికీ పనికిరాదు. అడగవలసిన ప్రశ్న వేరు: బాబు, నాయుడు అని పిలవవలసిన మనిషి ఎదుట నిలబడి, అతని న్యాయాన్ని కాదనడానికి అప్పల్రాముడికి ఏ మాటలున్నాయి? వరస కలిపే పిలుపు మనిషిని దగ్గర చేస్తుంది. ఆ దగ్గరితనమే ఎదురుమాటను కృతఘ్నతగా కనబడేలా చేస్తుంది. తిట్లూ దౌర్జన్యమూ అక్కర్లేకుండా, పెద్దల మర్యాద ప్రకారమే, బాకీ తీర్చాలని తేలుతుంది. చివరికి కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను తానే చంపుకుంటాడు. ఆ బీభత్సం అర్థం కావాలంటే ముందు జరిగిన మర్యాదను వినగలగాలి.

వినడం అనే మాటకు గిడుగు రామమూర్తి గుర్తొస్తారు. 1863లో ఈ జిల్లా పర్వతాలపేటలోనే పుట్టారు. పాఠ్యపుస్తకాలు ఆయనను వ్యావహారిక వాదిగా చూపుతాయి. ఆయన కోరింది శిష్టుల వ్యావహారికం, ఉద్దానం రైతు పలుకుబడి కాదు. కాని అదే మనిషి సవరల దగ్గర కూర్చుని వారి భాషను వారి నోటి నుంచే నేర్చుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. మొదటి గిడుగును పుస్తకాల్లోకి ఎక్కించుకున్నాం. మాండలిక కథను చదవడానికి మనకు కావలసినవాడు రెండో గిడుగు.

"ఇంట్లో మాట్లాడినట్టు పరీక్షలో 'నాను' అని రాయవచ్చా?" అని టెక్కలి వైపు విద్యార్థులు సిగ్గుపడుతూ అడుగుతుంటారు. పాత్ర మాటను ఉదాహరించేటప్పుడు ఉన్నదున్నట్టే రాయండి, దిద్దకండి. మీ సొంత విశ్లేషణలో నలుగురికీ తెలిసే వ్యావహారికం వాడండి. సిగ్గు మాత్రం అక్కర్లేదు. 'అప్ప' అంటే అక్క అని నిఘంటువు వెతకనక్కర్లేకుండా తెలిసిన పాఠకులు మీరు.

అభ్యాసం: మీ ఊరి కొట్టు దగ్గర గాని, జీడిపిక్కల బేరం జరిగేచోట గాని ఒక పూట కూర్చోండి. పది సంభాషణలు వినండి. పిలుపు, సర్వనామం, క్రియ చివరి రూపం - మూడింటినీ వేరువేరుగా రాసుకోండి. అప్పు అడిగేటప్పుడు, అప్పు తీర్చమనేటప్పుడు పిలుపు మారిందేమో చూడండి. ఆ తరువాత 'యజ్ఞం'లోని పంచాయితీ ఘట్టాన్ని మళ్లీ చదివి, మీ కాగితం పక్కన పెట్టుకుని, రెండు పుటలకు మించకుండా రాయండి.