కేజీఎఫ్: సినిమాలోని గని, సినిమాలో లేని ఊరు

ప్రశాంత్ నీల్ దర్శకత్వంలో 2018 డిసెంబరులో విడుదలైన ‘కేజీఎఫ్ చాప్టర్ 1’ కన్నడ చిత్రం. తెలుగు అనువాదం కూడా మన ప్రాంతంలో బాగా ఆడింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలలో షిఫ్టు పని చేసుకుంటూ ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఒక కార్మిక పట్టణం పేరు పెట్టుకున్న చిత్రం అక్కడి శ్రమను ఎలా చూపిందో ఇక్కడ పరిశీలిద్దాం.

ముందు ఊరి సంగతి. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలో, కర్ణాటకలో ఉన్న కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనులు చేపట్టింది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి కరెంటు వచ్చింది. దేశంలోని పెద్ద పెద్ద ఊళ్లే ఇంకా నూనె దీపాలతో నెట్టుకొస్తున్న కాలమది. తెల్లదొరల బంగళాలు, క్లబ్బు ఒకవైపు, కూలి లైన్లు మరోవైపు. పనివారిలో ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ దళితులు ఎక్కువ. చిత్తూరు వైపు తెలుగువారూ ఉన్నారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. దిగేకొద్దీ వేడి పెరిగింది, ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలి మీదపడే ప్రమాదాలు పెరిగాయి, ఖర్చు పెరిగింది. టన్ను రాయికి దొరికే బంగారం మాత్రం తగ్గింది. గనులు 1956లో మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్రానికి దక్కాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న అది మూతపడింది. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం గనులదీ అదే గతి.

సినిమాలో ఈ చరిత్ర లేదు. ‘నరాచి’ అనే కల్పిత గని ఉంది. అందులో పనిచేసేవారు బానిసలు. వారికి కూలి లేదు, సెలవు లేదు, తిరిగి వెళ్లే ఇల్లు లేదు. తుపాకుల నీడలో రాయి కొట్టడమే బతుకు. గరుడ అనే క్రూరుణ్ణి చంపడానికి రాకీ వచ్చేదాకా వారు ఎదురుచూస్తూ ఉంటారు.

వినోద చిత్రాన్ని చరిత్ర అడగడమేమిటని మీరు అనవచ్చు. నరాచి అన్న పేరే చాలనుకుంటే ఈ ప్రశ్న వచ్చేది కాదు. టైటిల్‌కు అసలు ఊరి పేరు కావలసి వచ్చింది. పేరు తీసుకున్నాక, దాంతోపాటు ఏం వదిలేశారో అడగడం విమర్శకుడి పని.

వదిలేసింది ఊరినే. బానిసకు గని మూతపడితే విముక్తి. కోలార్ కార్మికుడికి అది బతుకుతెరువు పోవడం. అతడికి హాజరు పుస్తకం ఉంది, జీతం ఉంది, కంపెనీ ఆసుపత్రి ఉంది. అదే గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాడూ అతడే. పోట్లాడినవాడూ అతడే. 1930లో వేలిముద్రలతో పేర్లు నమోదు చేయించుకోవాలన్న కంపెనీ ఉత్తర్వును కాదని వేలాది కార్మికులు సమ్మెకు దిగారు. కార్మిక సంఘాలను కంపెనీ గుర్తించని రోజులవి. ఏ రాకీ వచ్చి వారిని లేపలేదు. చంపే పనినే ప్రేమించవలసి రావడం, అది పోతే ఏడ్వవలసి రావడం అనే చిక్కుముడి తెరకెక్కి ఉంటే గరుడ కంటే భయంకరంగా ఉండేది. రసాయన ఫ్యాక్టరీ వాసన పీల్చుతూనే, గేటుకు తాళం పడకూడదని కోరుకునే కాంట్రాక్టు కార్మికుడికి ఆ ముడి గురించి వేరే చెప్పనక్కరలేదు.

చిత్రానికి బలం లేదని కాదు. భువన్ గౌడ ఛాయాగ్రహణంలోని మసి రంగు, మట్టి కొట్టుకున్న ముఖాలు గుర్తుండిపోతాయి. కానీ ఆ ముఖాలలో ఒక్కరి పనితనమైనా మనకు తెలియదు. రాయిలో బంగారు చార ఎలా గుర్తుపడతారు, పైకప్పుకు దుంగలు ఎలా నిలబెడతారు, ఇవేవీ కెమెరాకు పట్టలేదు. గుంపు గుంపుగానే మిగిలింది.

2022లో వచ్చిన రెండో భాగం చివర బంగారంతోపాటు నాయకుడు సముద్రంలో మునిగిపోతాడు. అసలు కోలార్‌లో బంగారం ఎప్పుడో కంపెనీల లాభాలుగా లండన్ చేరింది. మిగిలినవి రాతిపొడి నుంచి బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి గుట్టలు. మొదటి భాగం షూటింగు జరిగింది వాటి మధ్యనే. గాలి వీస్తే ఆ పొడి ఇప్పటికీ ఇళ్లమీద పడుతుంది. ఆ ఇళ్లలోనివారు తెల్లవారకముందే లేచి, పనికోసం బెంగళూరు రైలెక్కుతున్నారు.