మాట రాని పెద్దలకు దసరా కానుక

ఆశ్వయుజము రాగానే ప్రొద్దుటూరి అమ్మవారిశాల దీపకాంతులతో వెలిగిపోవును; రెండవ మైసూరని పేరుపొందిన ఈ ఊరి దసరాకు జమ్మలమడుగునుండియు పులివెందులనుండియు బంధుజనము తరలివచ్చును; బట్టల అంగళ్లలో కాలు మోప సందుండదు. ఇంతటి కొనుగోళ్ల నడుమ, పక్షవాతముచేత మాట పోయిన ఇంటి పెద్దకు ఏమి కొనవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము పెక్కురు ఒక పంచెల చాపు తెచ్చి ఊరకుందురు. ఆయనకేమి తెలియునులే యను భావము అందులో దాగియున్నది. నాకు బాధ కలిగించునది అదియే.

1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా పరీక్షించిన రోగి నోట ‘టాన్’ అను ధ్వని తప్ప దాదాపుగా మరియొకటి రాకున్నను, ఎదుటివారు చెప్పినది అతడు చాలవరకు గ్రహించుచుండెను; మరణానంతరము చూడగా మెదడు ఎడమవైపున ముందుభాగము దెబ్బతిని యుండెను. వైద్యులు అఫేసియా యనెడి ఈ వ్యాధిలో కొందరికి మాట పెగలదు, కొందరికి వినినది పట్టుబడదు; కాని తనవారిని, మర్యాదను ఎరిగిన బుద్ధి సాధారణముగా నిలిచియే యుండును.

జమ్మలమడుగున ఉన్న, పక్షవాతముచేత మాట పోయిన మా పెద్దనాయన ప్రొద్దుటూరి బంగారు కొట్టులో చిరకాలము గుమాస్తాగా పనిచేసినవాడు. పులివెందుల కోడలైన మా అక్క ఆయనకై చేయించిన పుస్తకమువంటి కానుకను నేను వేరొకచోట చూడలేదు. లామినేషన్ చేసిన పుటలు. పుటకొక్క ఫోటో, క్రింద పెద్ద అక్షరములలో పేరు: మనుమలు, పెన్న ఒడ్డు, గండికోట, కాఫీ గ్లాసు, కండ్లద్దాలు, చీనీతోట. కుడిచేయి పడిపోయినందున ఎడమచేత తిప్పుకొనుటకు వీలుగా స్పైరలును పైభాగమున వేయించినది. ఆయన చీనీతోటపై వ్రేలుంచి ఆమెవైపు చూచును. “తోటకు పోదామా నాయనా?” అని అడిగి, ఆయన తల ఊపువరకు ఆమె రెండవ ప్రశ్న వేయదు.

మాట రానివారిలో పలువురికి పాటయు, అలవాటైన పద్యమును నోట పలుకుట కలదు. రాగముద్వారా మాటను రప్పించు చికిత్సను 1973లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ప్రొద్దుటూరి అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణలు చేయుచు కూర్చిరని ప్రసిద్ధమైన ‘శివతాండవము’ కంఠస్థమైనవారు మా సీమలో ఎందరో యున్నారు. అట్టివారికి ఒక్క మీటతో మ్రోగు పాటల పెట్టె ఖరీదైన ఫోనుకంటె మేలు. బట్టలే కొనదలచినచో ఒక్క చేత పెట్టుకొనుటకు వీలైన టిచ్ బటన్ల చొక్కా కొనుడు.

ఐనను ఇవన్నియు పెద్దలు పుచ్చుకొనునవి. పండుగనాడు ఇంటి పెద్ద ఇచ్చువాడు కదా! గడచిన విజయదశమినాడు అక్క పెద్దనాయన జేబులో కొత్త పదిరూపాయల నోట్లు పెట్టినది. జమ్మియాకు చేతికిచ్చి కాళ్లకు మ్రొక్కిన మొదటి మనుమనికి ఆయన ఎడమచేత నోటు చాచి, చటుక్కున వెనుకకు తీసికొనెను. ఎడమచేత ఇచ్చుట తగదని ఎరిగిన మనిషి. అక్క ఆయన కుడిచేతిని ఎత్తి ఎడమచేతి క్రింద ఆనించి, “రెండు చేతులా ఇయ్యి నాయనా” అనగా అప్పుడిచ్చెను. వెనుక నిలిచిన ప్రతి బిడ్డకును అట్లే.

అక్క చేయించినట్టి ఫోటోల పుస్తకము చేయించదలచినవారు నవరాత్రులు రాకమునుపే ఫోటోలు స్టూడియోకు చేర్చుట మంచిది. పండుగ వారమున స్టూడియోవారికి తీరికుండదు. ఈ ఏడు ఇంట పుట్టిన బిడ్డ ఫోటోను మరువకుడు. కొత్త నోట్లకు బ్యాంకులో ముందుగానే చెప్పియుంచుడు.