సగటుకు ఎంత పైన? సి.ఆర్. రావు గీసిన గీత

విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద వెళ్తే ఆనందపురం కూడలి వస్తుంది. పూల మార్కెట్టుకు పేరున్న ఊరు. ఆ మండలంలోనే, గంభీరం దగ్గర, ఐఐఎం విశాఖపట్నం శాశ్వత ప్రాంగణం ఉంది. 2015లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో మొదలైన ఆ సంస్థ తర్వాత ఈ కొండల మధ్యకు చేరింది. అందులో ఎంబీఏ చదవాలంటే క్యాట్ రాయాలి. క్యాట్ ఫలితంలో అందరి కళ్ళూ వెతికే అంకె పర్సంటైల్. 80 పర్సంటైల్ వచ్చిందంటే, రాసిన ప్రతి వందమందిలో సుమారు ఎనభైమంది ఆ మార్కు దగ్గరో దాని కిందో ఆగిపోయారని అర్థం.

"నేను సగటు మనిషికన్నా తెలివైనవాణ్ణేనా?" అన్న ప్రశ్నకు ఈ రోజుల్లో కుర్రవాళ్ళకు దొరికే జవాబు దాదాపుగా ఈ అంకే. ఈ ప్రశ్నను గర్వంతో పుట్టినదని తోసేయడం నాకు నచ్చదు. ఆనందపురం చుట్టుపక్కల పల్లెలో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి, ఇంకో ఏడాది ఇంటి మీద ఆధారపడి కోచింగుకు వెళ్ళాలా, వచ్చిన ఉద్యోగంలో చేరాలా అని తేల్చుకోవాలంటే తన శక్తి ఎంతో తనకు తెలియాలి. అడిగే హక్కు ఆమెకు ఉంది. నిజాయితీగల జవాబు అందుకునే హక్కు కూడా ఉంది.

మనసును అడిగితే ఆ జవాబు రాదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, సగటు మనిషికన్నా నేను తెలివైనవాణ్ణి అన్న మాటకు అమెరికన్లలో 65 శాతం మంది ఔనన్నారు. ఐక్యూ కొలబద్దను తయారుచేసిన తీరులోనే సగంమంది 100కు పైన, సగంమంది కింద ఉంటారు. అంటే ఔనన్నవాళ్ళలో కొందరి లెక్క తప్పక తప్పాలి. ఎవరి లెక్క తప్పిందో లోపల నుంచి చూసుకుంటే కనిపించదు.

అందుకే బయట కొలబద్ద కావాలి. కొలబద్ద చేతికి రాగానే రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, ఎవరి సగటు? ఇటీవలి ఏళ్ళలో క్యాట్ రాసేవాళ్ళు రెండున్నర లక్షల పైమాటే. వాళ్ళంతా డిగ్రీ చేసినవాళ్ళో, చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళో, మేనేజ్‌మెంట్ చదవాలని నెలల తరబడి సాధన చేసినవాళ్ళో. వాళ్ళ నడిమధ్య నిలబడ్డ 50 పర్సంటైల్ మనిషి దేశంలోని సగటు మనిషి కాడు. ఐక్యూ పరీక్షల్లోనూ ఇంతే. న్యూజిలాండ్ పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపినట్టు, చాలా దేశాల్లో తరం మారేకొద్దీ మార్కులు పెరుగుతూ వచ్చాయి. పాతకాలపు సగటుతో పోల్చుకుంటే ఎవరైనా గొప్పగానే కనిపిస్తారు.

ఈ చిక్కును అర్థం చేసుకోవడం కష్టం కాదు. రెండోదే లోతైనది. సరైన గుంపుతోనే పోల్చాం, పరీక్ష కూడా మంచిదే అనుకుందాం. అయినా ఆ పరీక్ష ఎంత సన్నని తేడాను పట్టుకోగలదు? యాభై గ్రాముల మెట్లు మాత్రమే చూపించే కాటా మీద పూలు తూచి, పది గ్రాముల తేడా మీద తగువు తీర్చలేం కదా. మనిషి బుద్ధిని తూచే కాటాకు మెట్టు ఎంత? దీనికి జవాబు చెప్పే సిద్ధాంతాన్ని కట్టినవారు విశాఖలో చదువుకున్న మనిషి. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిమంది సంతానంలో ఎనిమిదోవారు. అష్టమ గర్భం కాబట్టి కృష్ణుడి పేరు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో బడులు మారుతూ వచ్చి, చివరికి కుటుంబం విశాఖలో స్థిరపడింది. ఇంటర్ ఏవీఎన్ కాలేజీలో, గణితంలో పీజీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి స్టాటిస్టిక్స్ ఎంఏ తీసుకుని, అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ తరగతిలోనే ఈ కథకు బీజం పడింది. రావు ఆ రోజు ఇంగ్లండ్ గణాంకవేత్త ఫిషర్ ఫలితం ఒకటి చెబుతున్నారు: నమూనా చాలా పెద్దదైతే, అంచనాలోని పొరపాటు ఒక హద్దు కిందకు దిగదని. తర్వాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం. దండేకర్ అప్పుడు విద్యార్థి. నమూనా చిన్నదైతే ఏమవుతుందని అడిగారు. రావు ఆ రాత్రి కూర్చుని, మర్నాడు తరగతికి రుజువుతో వచ్చారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

మన ప్రశ్నకు అన్వయిస్తే ఆయన చెప్పింది ఇది. మనిషిలోని అసలు సామర్థ్యం మనకు కనిపించదు, జవాబులే కనిపిస్తాయి. ఆ జవాబుల నుంచి సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ఎన్ని సూత్రాలైనా రాసుకోవచ్చు. అయితే ఆ సూత్రం ఎటూ మొగ్గనిదై ఉంటే, అంటే సగటున ఎక్కువా తక్కువా కాక అసలు విలువ దగ్గరే నిలిచేదైతే, దాని చెదురు, అంటే వేరియన్స్, ఒక హద్దుకన్నా తగ్గదు. సూత్రం రాసినవాడి తెలివి ఆ హద్దును జరపలేదు. జవాబుల్లో ఎంత సమాచారం ఉందన్నదే దాన్ని నిర్ణయిస్తుంది.

రుజువులో పాల్గొనేవి రెండే రాశులు. ఒకటి, మన అంచనాకూ అసలు విలువకూ మధ్య తేడా. రెండోది, ఫిషర్ ఇచ్చిన 'స్కోరు' అనే రాశి: అసలు విలువను వెంట్రుకవాసి జరిపితే, మన ముందున్న జవాబులు వచ్చే సంభావ్యత తాలూకు లాగరిథమ్ ఎంత వేగంగా మారుతుందో అది చెబుతుంది. ఆ వేగం ఎక్కువగా ఉందంటే జవాబులు గట్టిగా మాట్లాడుతున్నాయని అర్థం. ఇక్కడే రావు చెయ్యి కనిపిస్తుంది. అంచనా ఎటూ మొగ్గకూడదన్నది మామూలుగా ఒక మంచి గుణంగా చూసే షరతు. ఆయన దాన్ని పనిముట్టుగా వాడుకున్నారు. షరతును సమీకరణంగా రాసి, అసలు విలువ మీద అవకలనం చేశారు. ఎడమపక్క ఆ రెండు రాశులు కలిసి కదిలే తీరు, అంటే కోవేరియన్స్, తేలింది. కుడిపక్క ఒకటి అన్న అంకె మిగిలింది. ఏ సూత్రం తీసుకున్నా, ఎంత చిన్న నమూనా తీసుకున్నా, అది ఒకటే.

ఆ తర్వాత ఒక్క అడుగు చాలు. కోవేరియన్స్ వర్గం ఎప్పుడూ రెండు రాశుల వేరియన్సుల లబ్ధాన్ని దాటదు. ఇది గణితం విద్యార్థులందరికీ తెలిసిన కోషీ–ష్వార్జ్ అసమానతే. స్కోరు వేరియన్సునే ఫిషర్ 'సమాచారం' అన్నారు. కాబట్టి అంచనా వేరియన్సును సమాచారంతో గుణిస్తే ఒకటికి తగ్గదు. సంభావ్యతలు నునుపుగా మారాలన్న షరతులు కొన్ని ఉన్నాయి గాని, నమూనా పెద్దదై ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. దండేకర్ అడిగినదానికి ఇదే జవాబు. కాలేజీ విద్యార్థి చేతిలో ఉండే సామాన్లతోనే ఇంత గోడ కట్టడం నాకు ఈనాటికీ అబ్బురంగా ఉంటుంది. స్వీడన్‌లో హారాల్డ్ క్రామర్ కూడా ఇదే ఫలితాన్ని 1946లో తన పుస్తకంలో అచ్చువేశారు. ఫ్రాన్స్‌లో ఫ్రెషే అంతకు ముందే, 1943లో, ఆ దారి తొక్కారు. యుద్ధం మధ్య ఒకరి పని ఒకరికి చేరే వీలు తక్కువ. ప్రపంచం ఇప్పుడు దాన్ని క్రామర్–రావు హద్దు అంటోంది.

దీన్ని పరీక్ష గది దాకా తెచ్చి చూద్దాం. సగటు మనిషి సరిగ్గా సగం ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే పరీక్ష ఒకటుందనుకోండి. ప్రశ్నలు 40. సగటు మనిషికి రావలసినవి 20. హద్దు ప్రకారం లెక్క వేస్తే పొరపాటు, అంటే వేరియన్సు వర్గమూలం, సుమారు 8 శాతం, అంటే అటూ ఇటూగా మూడు ప్రశ్నలు. ఒకరికి 23 వచ్చాయి. సగటుకు పైనేనా? సరిగ్గా సగటు శక్తే ఉన్న మనిషికి కూడా 23గాని అంతకు మించిగాని వచ్చే అవకాశం ఐదింట ఒక వంతుకు పైగా ఉంది. కాబట్టి ఆ కాగితం ఆధారంగా ఔననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఇంకా మంచి లెక్క ఎవరైనా వేస్తే తేలుతుందేమో అన్న ఆశకు కూడా చోటు లేదు. సరైన జవాబుల నిష్పత్తి అనే మామూలు లెక్కే ఇక్కడ హద్దును సరిగ్గా తాకుతుంది. మెరుగు కావాలంటే ప్రశ్నలు పెంచాలి. పొరపాటు సగం కావాలంటే ప్రశ్నలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. 40 కాస్తా 160 అవుతాయి.

ఐక్యూ విషయంలోనూ ఇలాగే చూసుకోవచ్చు. వెక్స్‌లర్ పద్ధతిలో సగటు 100, ప్రామాణిక విచలనం 15. పరీక్ష విశ్వసనీయత 0.91 అనుకుంటే, ఒక మనిషి మార్కులో పొరపాటు 4.5 పాయింట్లు. నూటికి తొంభైఐదు పాళ్ళ నమ్మకం కావాలంటే అటూ ఇటూ 9 వదలాలి. 105 వచ్చిన మనిషి 96కూ 114కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 100 ఆ మధ్యలోనే ఉంది. అంకెను ఒంటరిగా చేతిలో పెట్టి పంపేసే పరీక్ష, ఎంత పేరున్నదైనా, పని సగమే చేసినట్టు. పక్కన పొరపాటు ఎంతో కూడా రాసి ఇచ్చేవాళ్ళనే నేను మంచి పనివాళ్ళంటాను.

ఆ తర్వాతి తరం ఈ హద్దును తిప్పి చూసింది. సమాచారం తక్కువైతే పొరపాటు పెరుగుతుంది సరే, మరి ఏ ప్రశ్నలో సమాచారం ఎక్కువ? డెన్మార్క్‌లో గేయార్గ్ రాష్ 1960లో, అమెరికాలో ఫ్రెడరిక్ లార్డ్, మెల్విన్ నోవిక్‌ల 1968 నాటి పుస్తకంలో అలన్ బర్న్‌బామ్, దీని మీద పనిచేశారు. ఊహకు అందని ప్రశ్న నుంచి మనిషి గురించి తెలిసేది దాదాపు శూన్యం, ఎలాగూ చెప్పేసే ప్రశ్న నుంచి కూడా అంతే. చెప్పడానికి, చెప్పకపోవడానికి సరిసమానంగా అవకాశం ఉన్న ప్రశ్నే, రాష్ నమూనాలో, అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇస్తుంది. మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ కంప్యూటర్ మీదికి మారాక, ఇచ్చిన జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నలను ఎంచుకోవడం దీని ఫలమే. పరీక్ష కష్టంగా ఉందని బయటికొచ్చి వాపోయే పిల్లలకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది: సగం ప్రశ్నలు తప్పాయంటే, ఆ పరీక్ష మిమ్మల్ని శ్రద్ధగా కొలుస్తోందని.

మన దేశంలో ఈ శ్రద్ధకు ఇంకో రూపం మనస్తత్వవేత్త భాటియా 1955లో వెలువరించిన తెలివితేటల పరీక్షల సమూహం. చదువు రాని పిల్లలను కూడా కొలవాలన్నది భాటియా పట్టుదల. జ్ఞాపకశక్తి పరీక్షలో చదువుకున్నవాళ్ళకు అంకెలు చెప్పించి, చదువు రానివాళ్ళకు శబ్దాలు చెప్పించారు. పలకా బలపం పట్టని పిల్ల తక్కువ మార్కుతో తిరిగిపోతే అది ఆమె బుద్ధి కొలత కాదని ఆయనకు తెలుసు.

సరిగ్గా ఆ 1955లోనే రావు కూడా మనస్తత్వ కొలతల మీద వ్యాసం రాశారు, 'సైకోమెట్రికా' పత్రికలో. విషయం ఫ్యాక్టర్ అనాలిసిస్: రకరకాల పరీక్షల మార్కుల వెనక 'తెలివి' అనే ఉమ్మడి శక్తి ఏదైనా ఉందా, ఉంటే దాన్ని ఎలా రాబట్టాలి అని. అప్పటికే ఆయన ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసి వచ్చారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ఎముకల కొలతలతో, అనేక కొలతలను ఒక్కసారిగా పక్కపక్కన పెట్టి గుంపులను వేరుచేసే పద్ధతులను అక్కడ సాన పట్టారు. ఒక్క అంకెతో మనిషిని తేల్చేయకుండా చూసే చూపు ఆయన పనిలో మొదటినుంచీ ఉంది.

1945 వ్యాసంలోనే ఇంకో రెండు వస్తువులున్నాయి. ఒకటి, మొరటు అంచనాను మెరుగుపరిచే పద్ధతి, ఇప్పుడు రావు–బ్లాక్‌వెల్ పేరుతో పిలిచేది. రెండోది దూరం. మన ప్రశ్నకు అన్వయిస్తే, ఇద్దరు మనుషుల అసలు శక్తుల మధ్య తేడాను మార్కుల తీసివేతతో కాకుండా, వాళ్ళ జవాబులను చూసి ఇద్దరినీ వేరుగా గుర్తుపట్టడం ఎంత సులువో దానితో కొలవాలన్నమాట. ఆ కొలబద్ద మీద, సగం ప్రశ్నలు చెప్పగలిగే మనిషికీ 60 శాతం చెప్పగలిగే మనిషికీ మధ్య దూరం ఎంతో, 90 శాతం మనిషికీ 100 శాతం మనిషికీ మధ్య దూరం దానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. తీసివేస్తే రెండు చోట్లా పదే. సగటు దగ్గర మనుషులను వేరుచేయడం ఎందుకంత కష్టమో ఆ లెక్క చూపిస్తుంది. ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖ ఆ దూరం మీదే లేచింది. 2023లో రావుకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించినప్పుడు ఎంచి చూపినవి ఆ హద్దుతో కలిపి ఈ మూడే, కొన్ని పుటల ఆ ఒక్క వ్యాసంలోవే. అప్పటికి ఆయన వయసు 102.