పందెం వేయకముందే

అష్టాచెమ్మాను నిబంధనల పుస్తకం చూసి ఆడేవారు లేరు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సెలవులు మొదలైతే అరుగుల మీద పటం గీశాక ముందుగా వినిపించేది ఒకే ప్రశ్న: ఏ పద్ధతిలో ఆడదాం?

పటానికి 25 గళ్లు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఆ రెండింటికీ మరో పందెం దక్కుతుంది. గవ్వలు లేనిచోట చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా రాతి మీద అరగదీస్తారు. బయటి 16 గళ్లు చుట్టి, లోపలి 8 గళ్లు ఎదురు దిశలో తిరిగి, నడిగడికి చేరితే కాయ పండినట్టు.

ఆపైన ఇంటికో పద్ధతి. ఎదుటివారి కాయ ఒక్కటైనా చంపనిదే లోపలికి పోరాదని కొందరంటారు. వరుసగా మూడుసార్లు అష్టాగానీ చెమ్మాగానీ పడితే ఆ పందేలు చెల్లవని కొందరంటారు. ఆడేవారు ఎక్కువైతే పటాన్ని 49 గళ్లకు పెంచి, గవ్వలూ పెంచుతారు.

ప్రతి మార్పుకూ ఫలితం ఉంటుంది. చంపే నియమం తీసేస్తే ఆట త్వరగా తెములుతుంది, కానీ ఎత్తు తగ్గి అదృష్టం పెరుగుతుంది. మూడు పులులు, 15 మేకలతో ఆడే పులిజూదంలో ఈ సంగతి మరీ స్పష్టం. పులుల పక్షాన కూర్చున్న చిన్నపిల్ల కోసం రెండు మేకలు తగ్గిస్తే, పులులను కట్టడి చేయడం ఎదుటివారికి కష్టమవుతుంది. పెద్దలు పిల్లలకు ఇవ్వదగిన మంచి వెసులుబాటు అది.

ఇలా నియమాలు మార్చుకోవడం మన ఆటలకే పరిమితం కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాచికలు, మాటలతో కథ నడుస్తుంది. నియమాలను అచ్చువేసి అమ్మినవారే, వాటిని తమకు తగినట్టు మార్చుకునే స్వేచ్ఛ ఆటగాళ్లకిచ్చారు. అయితే అక్కడ ఆట నడిపించే మనిషి ఉంటాడు. తగవొస్తే అతని మాటే తీర్పు. అష్టాచెమ్మాకు అలాంటి తీర్పరి లేడు.

అందుకే ఇక్కడ స్వేచ్ఛ ఎంత ఎక్కువో, కట్టుబాటూ అంత గట్టిగా ఉండాలి. ఏ మార్పైనా మొదటి పందేనికి ముందే, అందరి ఎదుటా, అందరి ఒప్పుదలతో జరగాలి. ఆట నడుమ తెచ్చిన నియమం ఎంత మంచిదైనా ఎవరో ఒకరికి అన్యాయమే చేస్తుంది. దాన్ని తర్వాతి ఆటకు అట్టిపెట్టాలి. ఫోన్‌లోని అష్టాచెమ్మా నియమాలను ముందే బిగించి తగవు లేకుండా చేస్తుంది. అరుగు మీది ఆట మాత్రం నలుగురు కలిసి నియమం పెట్టుకోవడాన్నీ, ఓడిపోతున్నా దానికి నిలబడటాన్నీ పిల్లలకు నేర్పుతుంది.