కిమ్చీ జాడీ, అంబలి కుండ

పులిసిన తిండి తింటే ఒంట్లో చేరిన ప్లాస్టిక్ పోతుందన్న మాటకు ఆధారంగా చూపుతున్న పరిశోధనల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. దక్షిణ కొరియాలోని ప్రపంచ కిమ్చీ సంస్థ, కిమ్చీ అనే పులియబెట్టిన కూరగాయల పచ్చడి నుంచి తీసిన ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడెస్ అనే బ్యాక్టీరియాను పరీక్షించింది. ప్రయోగశాలలో అది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ నానోకణాల్లో 87 శాతాన్ని ఒంటికి అంటించుకుంది. మనిషి పేగులో ఉండే పరిస్థితులు కల్పించేసరికి 57 శాతానికి దిగింది. పేగుల్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు దాన్నిస్తే, వాటి మలంలో రెండింతలకు పైగా కణాలు బయటపడ్డాయి. 2025లో అచ్చయిన చైనా పరిశోధన వేరే రెండు లాక్టిక్ బ్యాక్టీరియాలను ఎంచుకుంది. ఎలుకల్లో ప్లాస్టిక్ విసర్జన 34 శాతం పెరిగింది, పేగుల్లో మిగిలినది 67 శాతం తగ్గింది.

కొరియా లెక్కలో నేను నమ్మేది 87ను కాదు, 57ను. పేగుకు దగ్గరగా వచ్చేకొద్దీ బలం తగ్గిందని వాళ్లే చెప్పారు. అయినా రెండు చోట్లా పట్టుకున్నది పాలీస్టైరీన్‌నే, జరిగింది పేగులోనే. 2024లో ఇటలీ వైద్యులు 257 మంది మెడ ధమనుల్లోని కొవ్వు పూడికను పరీక్షిస్తే 150 మందిలో పాలిథిన్ కనబడింది. పాలిథిన్ అంటే మన కవరే. రక్తనాళంలో పేరుకున్నదాన్ని పేగులోని బ్యాక్టీరియా ఎట్లా తీస్తుంది? రామప్ప గుడి శిఖరం ఇటుక తేలుతుందంటే నీళ్లలో వేసి చూడొచ్చు. ఈ మాటకు ఇంకా అంత సులువైన పరీక్ష లేదు.

ఇక ఆ రామప్ప గుడి ఉన్న పాలంపేట వైపు తినే పులిసిన తిండికి వద్దాం. కిమ్చీలో ఉన్న ఆ ల్యూకోనోస్టాకే ఇడ్లీ పిండిని పొంగించేదని 1965లోనే తేలింది. కాకపోతే కిమ్చీని పచ్చిగా తింటారు, ఇడ్లీని ఆవిరి మీద ఉడికిస్తారు; ఆ వేడికి అది బతకదు. ఈ పోలికలో ఇడ్లీకన్నా అంబలే మెరుగు. పిండిని రాత్రంతా పులియబెట్టి, పొద్దున కాచి, చల్లారినంక సల్ల కలుపుతారు. బతికున్న సూక్ష్మజీవులు ఆ సల్లతో వస్తాయి. అవి ప్లాస్టిక్‌ను పడతాయని మాత్రం ఎవరూ పరీక్షించి చెప్పలేదు, కిమ్చీ అంకెల్ని అంబలికి అంటగట్టడం తప్పు.

అంబలి గొప్ప నాకు ఇంకోచోట కనిపిస్తుంది: అది కుండలోంచి చెంబులోకి పోతుంది. ఇడ్లీ సంగతి అట్లా కాదు. కర్ణాటకలో ఇడ్లీ గిన్నెల్లో గుడ్డకు బదులు పాలిథిన్ షీటు పరుస్తున్నారని తేలి, 2025 ఫిబ్రవరిలో దాన్ని నిషేధించారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడి చూడ్డానికి పొద్దున్నే బయల్దేరేవాళ్లు దారిలో పొగలు కక్కే సాంబారును కవర్లో పోయించుకుంటే, పులిసిన పిండి చేసే మేలు ఎంతైనా కానీ, కీడు ముందే మూటలో చేరుతుంది. వేడికి ప్లాస్టిక్ కణాలు ఎక్కువగా విడివడతాయి.

అందుకే నా ఓటు జాడీకి కాదు, ఇస్తరాకుకు. ములుగు అడవుల్లో మోదుగాకు ఉంది. కుట్టేవాళ్లకు గిట్టుబాటు ధర, టిఫిన్ బండ్లకు రోజూ సరఫరా కావాలి.