ఎవరూ చూడకుండా, అందరూ చూస్తుండగా

పదో తరగతికి జాషువా గారి 'గబ్బిలం' చెబుతున్నాను. మాదిగపల్లె నుంచి వచ్చే పిల్ల ఒకతి లేచి, "గబ్బిలంతో చెప్పించుకోవడం ఎందుకు సార్, ఆయనే గుళ్ళోకి పోయి చెప్పుకోవచ్చుగా?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

1941లో వచ్చిన ఈ కావ్యాన్ని మన పండితులు మేఘసందేశం పక్కన పెట్టి తూచారు. కరుణరసం అన్నారు. నాకు పాఠం చెప్పిన మాస్టారూ అదే నోట్సు రాయించారు. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఏడ్చే అంటరానివాణ్ణి చూసి జాలిపడటం తేలిక. జాలిపడేవాడు తన సొత్తు ఏదీ వదులుకోనక్కర్లేదు. ఆ ఏడుపులో ఉన్న ఎదురుతిరుగుడు మాత్రం వాళ్ళ కంటికి ఆనలేదు.

గుళ్ళో వేలాడే గబ్బిలానికి అడ్డు లేదు, మనిషికి ఉంది. అందుకే అర్చకుడు పక్కన లేనప్పుడు తన కథ శివుడి చెవిన వేయమంటాడు ఆ అరుంధతీసుతుడు. ఈ మాట పండితులకన్నా మా అమ్మకు బాగా తెలుసు. ఎండాకాలం మా పల్లె బోరు ఎండిపోతే, ఊరు లేవకముందే పోయి పంచాయతీ కుళాయిలో రెండు బిందెలు పట్టుకొచ్చేది. "ఎవురన్నా చూశారా?" అనేవాడు మా నాయన. "చూస్తే నీళ్ళతో వచ్చేదాన్నా?" అనేది. అది దొంగతనం కాదు, ధిక్కారం. హక్కున్న నీళ్ళను చీకట్లో తెచ్చుకునేట్టు చేసింది ఊరు. జాషువా రాసింది ఆ చీకటి వేళ సంగతే.

అక్కడే ఆగిపోతే మాత్రం కుదరదు. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళను మురికి చేయొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు ఊరు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. మా అమ్మ బిందెకూ ఆ బిందెకూ తేడా ఒక్కటే. ఇది పట్టపగలు అందరూ చూస్తుండగా లేచింది.

మనం ఇట్టా లేస్తే 'కట్టు తప్పారు' అంటారు. ఏ కట్టు? ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్ళకు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మరుసటేడు మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు తెరిచినట్టు కాగితం మీద రాసుకుంది. నీళ్ళు మాత్రం అందనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో పోయి ఆ నీళ్ళు తాగితే కర్రలు లేచాయి. రాతలో ఉన్నదాన్ని అమలు చేసినవాళ్ళు తిరుగుబాటుదారులయ్యారు, దాన్ని తొక్కినవాళ్ళు కట్టుబాటు గలవాళ్ళయ్యారు. రాజ్యాంగం పదిహేడో అధికరణం 1950 నుంచి ఉంది. అయినా ఊరి లెక్క ఇంకా అదే. మన ధిక్కారం చాలాసార్లు రాసిన చట్టాన్ని పాటించమని అడగడమే.

ఇంత రాస్తున్న నేను ఏం చేశాను? ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బళ్ళో మధ్యాహ్న భోజనం వండటానికి మన పల్లె ఆమెను పెట్టారు. వంటవాళ్ళ నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఊళ్ళో పిల్లలు క్యారేజీలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. "మాస్టారూ, చదువుకున్నవారు, మీరన్నా సర్దిచెప్పండి" అన్నాడు ఒక పెద్దాయన. నెల తిరక్కుండా ఆమెను గిన్నెలు తోమే పనికి మార్చారు. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. ప్రొబేషన్ భయం. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే నాయనా" అందామె. ఆ జాలి కన్నా తిట్టినా బాగుండేది.

మా అమ్మకు ఏ చట్టమూ తెలీదు, అయినా కుళాయి దగ్గరికి పోయింది. నాకు కోర్టు తీర్పు తేదీతో సహా తెలుసు, అయినా లొంగాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది.

ఆ పిల్ల ప్రశ్నకు ఇంకా జవాబు బాకీ ఉన్నాను. సోమవారం క్లాసులో చెబుతాను. కరుణరసం సంగతి తర్వాత, ముందు నా సంతకం సంగతి చెబుతాను.